హోమ్‌స్టే స్టాఫ్‌కి పర్యావరణం క్లాసులు పీకకండి, ఇలా చేసి చూడండి

అరకు దగ్గర మాకు ఆరు రూములు ఉన్నాయి, సీజన్‌లో ఓ పది టెంట్లు కూడా వేస్తాం. మామూలుగా స్టాఫ్ ఐదుగురు, డిసెంబర్ జనవరిల్లో తొమ్మిది మంది దాకా అవుతారు. రెండేళ్ళ కిందట ఓ గెస్ట్ చెక్ అవుట్ చేసి వెళ్ళిపోతూ నన్ను పక్కకి పిలిచి, ఏమండీ మీ ఫోటోల్లో అంతా పచ్చగా ఉంది, మరి కిచెన్ వెనక వాలులో ఆ కవర్లు, గ్లాసులు ఏంటండీ అని అడిగారు. నిజం చెప్పాలంటే నేను అటువైపు వెళ్ళి నెల దాటింది. వెళ్ళి చూస్తే తలతీసేసినట్టయింది.

ఆ కోపంలో నేను చేసిన పని ఏంటంటే వైజాగ్ వెళ్ళి పన్నెండు బోర్డులు ప్రింట్ కొట్టించి లామినేషన్ చేయించి తెచ్చి గోడల నిండా అంటించా. పర్యావరణాన్ని కాపాడండి, లైట్లు ఆపండి, నీళ్ళు వృథా చేయకండి అని. సగం ఇంగ్లీషులో. మా దగ్గర రూములు సర్దే అక్కకి చదువు రాదు, కిచెన్‌లో వంట చేసే అమ్మ తెలుగు మాట్లాడుతుంది గానీ ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ప్లాస్టిక్ వాడొద్దని చెప్పే బోర్డుకే ప్లాస్టిక్ తొడుగు వేయించా అన్న సంగతి కూడా నాకు వారం తర్వాత తట్టింది. నెల తిరిగేసరికి వాలులో చెత్త మళ్ళీ అలాగే ఉంది.

తర్వాత ఏడాదిన్నరలో కొన్ని పనిచేశాయి, కొన్ని బెడిసికొట్టాయి. మీకు కూడా నాలుగైదు రూముల హోమ్‌స్టేనో, టెంట్ల క్యాంపో, చిన్న టిఫిన్ హోటలో, ఓ రెండు టూరిస్ట్ బోట్లో ఉంటే ఇది మీకోసమే. పెద్ద రిసార్ట్‌లకి మేనేజర్లు, ట్రైనింగులు, ఆడిట్లు ఉంటాయి, వాళ్ళ లెక్క వేరు. మనకున్నది మనం, మన స్టాఫ్, అంతే.

మొదటి పని: ఒకరోజు వాళ్ళ పని మీరు చేయండి

ఇది తప్పించుకోకండి, మిగతాదంతా దీని మీదే ఉంది. ఒక బిజీ రోజు చూసుకుని, అంటే శనివారం చెక్ అవుట్లు ఉన్న రోజు, రూములు సర్దే మనిషితో పాటు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉండండి, చూస్తూ కాదు, బకెట్ పట్టుకుని చేస్తూ.

నేను చేసినప్పుడు జరిగింది చెప్తా. మూడో నంబర్ రూమ్‌లో రాత్రి నలుగురు కుర్రాళ్ళు దిగారు. చిప్స్ కవర్లు, బిర్యానీ ఎముకలు, వాటర్ బాటిళ్ళు ఏడు, బీరు సీసాలు, అన్నీ ఒకే కవర్లో కుక్కి ఉన్నాయి. అక్క ఆ కవర్ ఎత్తుకుంది, నేను బెడ్ షీట్ల మూట ఎత్తుకున్నా. మా చెత్త డబ్బాలు గేటు దగ్గర పెట్టించా నేనే, మున్సిపాలిటీ బండి లేని చోట కనీసం చూడ్డానికి నీట్‌గా ఉంటాయని. రూమ్ నుంచి అక్కడికి లెక్కపెడితే నూట పది అడుగులు, అందులో పద్దెనిమిది మెట్లు, అదీ ఎక్కుడు. కిచెన్ వెనక వాలు మాత్రం ఇరవై అడుగులే. పదకొండింటికి కొత్త గెస్టులు వస్తున్నారు, ఇంకా రెండు రూములు మిగిలి ఉన్నాయి. అక్క ఒక్క క్షణం నా మొహం చూసి, ఏమీ అనకుండా గేటు వైపు నడిచింది, నేను పక్కన లేకపోతే ఎటు నడిచేదో నాకు తెలుసు, నేనైనా అటే నడిచేవాణ్ణి.

ఆ మధ్యాహ్నమే మూడు పాత డ్రమ్ములు తెచ్చి రూముల వెనక మలుపులో పెట్టించా. ఒకటి తడి చెత్తకి, ఒకటి పొడి చెత్తకి, ఒకటి సీసాలు బాటిళ్ళకి. నాలుగోది చిన్న మూత డబ్బా, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, బ్లేడ్లు, అయిపోయిన బ్యాటరీలు విడివిడిగా కాగితంలో చుట్టి వేయడానికి. రంగులు వేసి, రాతలకి బదులు ఒకదాని మీద అరటి తొక్క బొమ్మ, ఇంకోదాని మీద సీసా బొమ్మ గీయించాం. వాలులో చెత్త పడడం అక్కడితో ముప్పావు వంతు ఆగిపోయింది. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు నేను.

అందుకని మీరు పని చేస్తూ చూడాల్సింది ఒక్కటే, సరైన పని చేయడానికి ఎన్ని అడుగులు ఎక్కువ పడుతున్నాయి, ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతున్నాయి అని. మనోళ్ళు నిర్లక్ష్యంగా ఉన్నారనిపించే చోటల్లా దాదాపుగా ఒక దూరమో, ఒక తొందరో, ఒక లేని సామానో ఉంటుంది. స్విచ్ ఎక్కడుంది, కుళాయి వాషర్ అడిగితే ఎన్ని రోజులకి తెచ్చారు, గుడ్డలు సరిపడా ఉన్నాయా. అన్నీ ఓ కాగితం మీద రాసుకోండి.

తర్వాత అడగండి, చెప్పకండి

ఇక్కడే మనం ఎక్కువమంది పొరపాటు పడేది. వీళ్ళకి అవగాహన లేదు, మనం కల్పించాలి అనుకుంటాం. మా స్టాఫ్ ఇళ్ళకి ఓసారి వెళ్ళి చూడండి. అన్నం మిగిలితే కోళ్ళకి, కడుగునీళ్ళు పశువులకి, పొయ్యి బూడిద అంట్లు తోమడానికి, ఎండిన కంప వంటచెరుకు, ఆకు విస్తరి తిన్నాక ఆవు ముందుకి. వృథా అన్నదే కనపడదు. అదే మనిషి మన దగ్గరికొచ్చి బాత్రూమ్‌లో రోజుకి నాలుగు గ్లాసుల యాసిడ్ పోస్తుంటే ఆ అలవాటు ఎక్కడ నేర్చుకుంది? మన దగ్గరే.

టీ టైమ్‌లో కూర్చోబెట్టి, మీటింగ్ అనకుండా, ఇక్కడ ఏది చూస్తే మీకు అయ్యో అనిపిస్తుంది అని అడిగా. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు, సార్ అంతా బాగానే ఉంది అన్నారు. ఇది మామూలే, ఓనర్ ముందు ఎవరు మాట్లాడతారు. రెండోసారి నేను లేకుండా మా ఆవిడ కిచెన్‌లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ అడిగితే అప్పుడు బయటపడింది. అన్నం కలిసిన కవర్లు వాళ్ళ ఊరి ఆవులు తింటున్నాయని, ఒకళ్ళ ఆవు పొట్ట ఉబ్బి చచ్చిపోయిందని. టెంట్ల దగ్గర సబ్బునీళ్ళు పోయే కాలువ కింద గెడ్డలో, అంటే వాగులో, కలుస్తుందని, ఆ గెడ్డ దగ్గరే వీళ్ళ పిల్లలు స్నానాలు చేస్తారని. గ్లోబల్ వార్మింగ్ అని నేను గంట మాట్లాడినా రాని కదలిక ఆ ఆవు మాటతో వచ్చింది. కాబట్టి మీ దగ్గర ఆ ఆవు ఏంటో కనుక్కోండి. కోనసీమ కాలువల్లో బోటు నడిపేవాళ్ళకి అది చేపలు కావచ్చు, వికారాబాద్ వైపు ఫామ్ స్టే వాళ్ళకి బోరులో నీళ్ళు కావచ్చు.

రెండే పనులు పట్టుకోండి

రాసుకున్న కాగితంలో ఇరవై ఉంటాయి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే పదిహేను రోజుల్లో అన్నీ పోతాయి. ఒక సీజన్‌కి రెండు చాలు. ఒకటి మీకు డబ్బు మిగిల్చేది, ఒకటి వాళ్ళకి బాధ తగ్గించేది. మేము మొదట పట్టుకున్నవి గీజర్, చెత్త.

గీజర్ సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే చలి ప్రాంతాల్లో మన కరెంట్ బిల్లులో పెద్ద ముక్క అదే. 15 లీటర్ల గీజర్‌లో ఇక్కడి చలికాలపు నీళ్ళు 60 డిగ్రీలకి కాగాలంటే ముప్పావు యూనిట్ దాకా అవుతుంది. అది తప్పదు, గెస్ట్ స్నానం చేయాలి. కానీ గెస్ట్ వెళ్ళిపోయాక స్విచ్ ఆన్‌లోనే ఉంటే నీళ్ళు కొంచెం చల్లారినప్పుడల్లా థర్మోస్టాట్ మళ్ళీ వెలుగుతూ, ఖాళీ రూమ్‌లో ఎవరికోసమో నీళ్ళు కాస్తూనే ఉంటుంది. రోజంతా.

నేను మొదట చేసిన తెలివితక్కువ పని ఫైన్. గీజర్ ఆన్‌లో కనపడితే యాభై రూపాయలు కట్ అన్నా. దెబ్బకి అందరూ అన్ని గీజర్లూ ఆపేశారు, గెస్టులు ఉన్న రూములవి కూడా. తెల్లారి ఆరింటికి, పొగమంచు, పది డిగ్రీల చలి, రెండో నంబర్ రూమ్‌లో అరవై ఏళ్ళ పెద్దాయన చన్నీళ్ళ కింద నిలబడ్డారు. ఆయన రాసిన రివ్యూ ఇప్పటికీ ఉంది. ఫైన్ వేస్తే మనిషి పని నేర్చుకోడు, దొరక్కుండా ఉండడం నేర్చుకుంటాడు. కట్ చేసిన డబ్బులు తిరిగి ఇచ్చేశా, అది కూడా అందరి ముందే.

తర్వాత పనిచేసింది ఏంటంటే, గీజర్ స్విచ్ బాత్రూమ్ గోడ మీద నుంచి రూమ్ బయట తలుపు పక్కకి మార్పించా, మూత పెట్టించి. ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని. ఇప్పుడు తాళం వేసే మనిషి కళ్ళ ముందే ఎర్ర లైటు ఉంటుంది, లోపలికి వెళ్ళి చూడక్కర్లేదు. పొద్దున అయిదున్నరకి టీ పెట్టే తమ్ముడు గెస్టులున్న రూములవి ఆన్ చేసుకుంటూ వెళ్తాడు, పది గంటలకి రూములు సర్దే అక్క ఆపుకుంటూ వస్తుంది, గెస్ట్ మధ్యలో కావాలంటే ఆయనే వేసుకుంటారు. ఎవరి పని ఏదో పేరుతో సహా తెలిసుండాలి, అందరూ చూసుకోండి అంటే ఎవరూ చూడరు.

గెస్ట్ ముందు స్టాఫ్‌ని ఒంటరిగా వదలకండి

ఇది పుస్తకాల్లో రాయరు గానీ అసలు చిక్కు ఇక్కడే. రాత్రి పదింటికి టెంట్ దగ్గర నుంచి ఒకాయన కేకేస్తాడు, ఏయ్ బాబూ డిస్పోజబుల్ గ్లాసులు పట్రా అని. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, నెలజీతం మనిషి, ఆయనకి లేవండీ అని ఎలా చెప్తాడు? చెప్తే తిడతాడేమో, టిప్ పోతుందేమో, ఓనర్‌కి కంప్లైంట్ వెళ్తుందేమో. పరిగెత్తుకెళ్ళి కిరాణా షాపులో కొనుక్కొచ్చి ఇస్తాడు.

దానికి రెండు కావాలి. ఒకటి, తీసేసిన దాని బదులు చేతిలో ఇంకోటి ఉండాలి. మేము స్టీలు గ్లాసులు ఎనభై కొన్నాం, పగలవు, పోయినా ఏడాదికి నాలుగైదు పోతాయి. ప్లేట్లకి అడ్డాకుల విస్తళ్ళు. ఇవి మన ఏజెన్సీ అడవుల్లో దొరికే ఆకులే, మా కిచెన్ అమ్మ వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు కుట్టి సంతలో అమ్ముతారు, మేము నేరుగా వాళ్ళ దగ్గరే కొంటాం. స్టాఫ్ ఇంట్లో వాళ్ళకి నాలుగు రూపాయలు వచ్చే పని అయితే దాని మీద శ్రద్ధ మనం చెప్పకుండానే వస్తుంది, విస్తళ్ళు తడిచిపోయాయా ఎండలో వేశారా అని నాకంటే వాళ్ళే చూసుకుంటారు. పేపర్ కప్పులు మంచివనుకుని కొనకండి, లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, గుంతలో వేస్తే కుళ్ళవు.

రెండోది, ఒక మాట. ఆ కుర్రాడికి నోట్లో పెట్టాల్సిన మాట. మేము కూర్చుని తయారు చేసుకున్నది ఇది: సార్, మా ఓనర్ కొననివ్వరండీ, స్టీలువి కడిగి తెస్తా, రెండు నిమిషాలు. అంతే. నెపం నా మీద వేసేయమన్నా. గెస్ట్‌కి కోపం వస్తే నా మీద వస్తుంది, కుర్రాడు సేఫ్. ఇంకా గట్టిగా అడిగితే గవర్నమెంట్ రూల్ అని చెప్పొచ్చు, అది నిజమే కూడా. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకి వాడే థర్మాకోల్ ఇవన్నీ దేశం మొత్తం మీద 2022 జూలై 1 నుంచి నిషేధం. క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు. ఒకటి రెండుసార్లు గెస్ట్ నా దగ్గరికే వచ్చారు కంప్లైంట్‌తో, నేను కుర్రాడి ముందే ఇతని తప్పేం లేదండీ నేనే చెప్పా అన్నా. ఆ ఒక్క మాట తర్వాత మా వాళ్ళకి వచ్చిన ధైర్యం ఏ ట్రైనింగ్‌కీ రాదు.

గెస్టులు ఒప్పుకోరండీ అని భయపడే ఓనర్లకి ఒకటే చెప్తా, తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు తీసేసి గాజు సీసాలు పెట్టినా రోజూ వేలమంది అలవాటు పడ్డారు, మన పది టెంట్ల గెస్టులు పడరా.

టవల్స్ విషయంలో కూడా స్టాఫ్‌కి ఇలాంటి మాటే ఇవ్వండి. రెండు రోజులుండే గెస్ట్‌కి రోజూ టవల్ మార్చాలా అన్నది. అమెరికాలో ఒక హోటల్‌లో చేసిన పరిశోధన 2008లో అచ్చయింది, పర్యావరణం కోసం టవల్ మళ్ళీ వాడండి అని కార్డు పెడితే సుమారు 35 శాతం గెస్టులు వాడారట, ఇక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ వాడుతున్నారు అని రాస్తే అది 44 శాతానికి పెరిగిందట. నీతి చెప్తే కదలని మనిషి పక్కోడు చేస్తున్నాడంటే కదులుతాడు. మా అక్క అదే అంటుంది, కావాలంటే మారుస్తానమ్మా, మా దగ్గర చాలామంది రెండో రోజు అదే వాడుకుంటారు అని. మా దగ్గర నిజంగానే వాడుకుంటారు కాబట్టి అంటుంది, మీ దగ్గర నిజం కాకపోతే అనిపించకండి. గెస్ట్ మారితే మాత్రం షీట్లు, టవల్స్, దిండు గలీబులు అన్నీ మారాల్సిందే, అక్కడ పొదుపు లేదు.

తెలియనివి మాత్రం నేర్పండి

క్లాసులొద్దు అన్నా గానీ కొన్ని నిజంగానే తెలియవు, నాకూ తెలియవు అప్పటిదాకా. బాత్రూమ్ యాసిడ్ ఎక్కువ పోస్తే అది సెప్టిక్ ట్యాంక్‌లోకి వెళ్ళి మలాన్ని కరిగించే బ్యాక్టీరియాని చంపేస్తుంది, ట్యాంక్ త్వరగా నిండిపోతుంది. మాకు ట్యాంక్ బండి వైజాగ్ వైపు నుంచి ఘాట్ ఎక్కి రావాలి, ఆ ఖర్చు గుర్తొస్తే చాలు. ఇప్పుడు మామూలుగా సబ్బునీళ్ళు, బ్రష్, మరకలున్న చోట నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు. యాసిడ్ సీసా తాళంలో ఉంటుంది, నెలకోసారి, గ్లౌజులు వేసుకుని. ఇంకోటి ప్రాణాల మీదకొచ్చేది, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపేసిన బాత్రూమ్‌లో ఊపిరాడదు. ఇది మీ స్టాఫ్ అందరికీ, ఈరోజే చెప్పండి.

తడి చెత్త గుంత కంపు కొడుతోందని మానేసేవాళ్ళు ఎక్కువ. కంపు ఎందుకొస్తుందంటే తడి ఎక్కువై గాలి ఆడక. ఒక బకెట్ తడి చెత్త పడితే రెండు బకెట్లు ఎండుటాకులు పైన వేయాలి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ ఆకులు కావల్సినన్ని రాలతాయి, ఒక గోనె నింపి గుంత పక్కనే పెట్టండి, పక్కనే లేకపోతే వేయరు, నూట పది అడుగుల కథ గుర్తుందిగా. ఎముకలు గుంతలో వేస్తే కుక్కలు తోడేస్తాయి, లోతుగా పాతాలి.

క్యాంప్ ఫైర్ గురించి చెప్పి తీరాలి. మంచుకి తడిసిన కట్టెలు అంటుకోవు, గెస్టులు కుర్చీలు వేసుకుని కూర్చుని ఉంటారు, కుర్రాడు ఏం చేస్తాడంటే ఓ రెండు ప్లాస్టిక్ కవర్లు, ఓ బాటిల్ కిందకి తోసి అగ్గిపుల్ల గీస్తాడు, భగ్గుమంటుంది. పిల్లలు ఆ పొగ ముందే చేతులు కాచుకుంటూ ఉంటారు. దీన్ని తిట్టి ఆపలేం, పొడిగా అంటుకునేది చేతికివ్వాలి. మా దగ్గర మధ్యాహ్నం పూటే ఒక డబ్బాలో ఎండు వెదురు పేళ్ళు, మొక్కజొన్న కండెలు, సిల్వర్ ఓక్ ఆకులు నింపి కిచెన్‌లో పొయ్యి పక్కన పెడతారు. బొంగు చికెన్ చేశాక మిగిలే కాలిన బొంగులు కూడా చీల్చి దాంట్లోనే వేస్తారు. రాత్రికి కరకరలాడుతూ ఉంటాయి. కట్టెలు ముందు రోజే రేకుల కిందకి చేర్చాలి, ఇది ఎవరి పని అన్నది కూడా పేరుతో ఉండాలి.

లెక్క గోడ మీద ఉండాలి

కరెంట్ బిల్లు మీ ఫోన్‌కి వస్తుంది, మీరు తల పట్టుకుంటారు, స్టాఫ్‌కి ఆ సంగతే తెలీదు. రోజూ పొద్దున ఏడింటికి మీటర్ రీడింగ్ ఒకళ్ళు చూసి కిచెన్ గోడ మీద నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. పక్కనే ఆ రోజు ఎన్ని రూములు నిండాయో. యూనిట్లని రూములతో భాగిస్తే అసలు బొమ్మ కనపడుతుంది, అయిదు రూములు నిండిన రోజు 40 యూనిట్లు అంటే రూమ్‌కి 8, రెండే రూములు నిండిన రోజు 30 అంటే రూమ్‌కి 15, అంటే ఎక్కడో ఏదో వెలుగుతోంది. మా దగ్గర పది చదివిన తమ్ముడు రాస్తాడు, ఒకరోజు వాడే వచ్చి సార్ నిన్న ఎవరూ లేకుండానే 19 అయింది అన్నాడు, వెతికితే నీళ్ళ మోటార్ ఆటోమేటిక్ స్విచ్ చెడి రాత్రంతా ట్యాంక్ పొంగుతూ ఉంది. నెల తర్వాత బిల్లులో చూసుంటే ఎంత పోయేదో.

నీళ్ళకి మీటర్ ఉండదు కాబట్టి కారే కుళాయిల లెక్క పెట్టండి. సెకనుకో చుక్క పడితే రోజుకి ఇంచుమించు 20 లీటర్లు, ఒక పెద్ద బకెట్. వాషర్లు ఓ డజను కొని స్టోర్‌లో ఉంచండి, మార్చడం ఇద్దరికి నేర్పండి, మిమ్మల్ని అడగక్కర్లేకుండా మార్చేయమనండి.

డబ్బు ఇవ్వాలా వద్దా

ఇవ్వాలి, కానీ మంచిగా ఉన్నందుకు బోనస్ అని కాదు. అలా ఇస్తే ఎవరికి ఎంత అన్న గొడవ, ఇవ్వని నెల అన్నీ బంద్. మేము చేసింది, సీసాలు, బాటిళ్ళు, అట్టపెట్టెలు అమ్మగా వచ్చిన తుక్కు డబ్బు మొత్తం స్టాఫ్‌దే. నేను అందులో చేయి పెట్టను, లెక్క కూడా అడగను. కిచెన్‌లో ఒక డబ్బా, తాళం చెవి కిచెన్ అమ్మ దగ్గర. సీజన్‌లో బీరు సీసాలు ఎలాగూ గుట్టలుగా వస్తాయి. మొదటి ఏడాది ఆ డబ్బుతో సంక్రాంతికి మేకని కోసుకున్నారు. ఇప్పుడు గెస్ట్ బాటిల్ పొదల్లోకి విసిరితే తమ్ముళ్ళు దిగి ఏరుకొస్తారు, అది వాళ్ళ డబ్బు మరి. విడగొట్టకుండా తడి చెత్తతో కలిపేసిన బాటిల్‌ని తుక్కువాడు తీసుకోడు, కాబట్టి విడగొట్టడం కూడా దానంతట అదే నడిచింది.

గీజర్ వల్ల మిగిలిన కరెంట్ డబ్బులో మాత్రం నేనేమీ పంచలేదు, బదులు వాళ్ళు అడిగినవి కొన్నా, గమ్‌బూట్లు, మంచి మాప్‌లు, చలికి కిచెన్ వాళ్ళకి స్వెటర్లు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం చెప్పా.

మీరేం చేస్తున్నారో వాళ్ళు చూస్తున్నారు

చిన్న చోట దాపరికం ఉండదు. నేను అందరికీ క్యాన్ నీళ్ళు, స్టీలు గ్లాసులు అని చెప్పి, నా కార్లోంచి చేతిలో లీటర్ బాటిల్ పట్టుకుని దిగిన రోజు ఎవరూ ఏమీ అనలేదు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు అంతే. నాకు సరిపోయింది. ఆఫీసు రూమ్‌లో నేను లేనప్పుడు ఫ్యాన్ తిరుగుతుంటే ఆపేయమని, నాకు చెప్పమని చెప్పా. టీ పెట్టే తమ్ముడు మొదటిసారి సార్ మీ లైటు అన్నప్పుడు కాస్త ఇగో దెబ్బతింది, అబద్ధం ఎందుకు, కానీ థాంక్స్ రా అని లేచి ఆపా.

సీజన్ కుర్రాళ్ళ సంగతి తేలికే, పాతవాళ్ళతో జత కట్టేయండి, మొదటి రోజు పావుగంట మొత్తం తిప్పి చూపించమనండి, డ్రమ్ములు, గీజర్ స్విచ్చులు, కట్టెల రేకులు, ఆ స్టీలు గ్లాసుల మాట. నేర్పేది మీరు కాకుండా వాళ్ళే అయితే నేర్పిన పని తప్పడానికి నేర్పినోడికే మొహమాటం.

మే నెలలో రూములు ఖాళీగా ఉన్నప్పుడు మళ్ళీ కూర్చుని వచ్చే సీజన్‌కి రెండు పనులు ఎంచుకోండి, ఈసారి వాళ్ళనే ఎంచుకోమనండి. మొన్న మా వాళ్ళు చెప్పింది విని నేను కాసేపు మాట్లాడలేదు. గెస్టుల్ని తెచ్చే క్యాబ్ డ్రైవర్లు రాత్రంతా కార్లో ఇంజన్ ఆన్ చేసుకుని హీటర్ వేసుకుని పడుకుంటున్నారట, తెల్లవార్లూ ఆ పొగ కిచెన్ వాళ్ళు పడుకునే గది కిటికీలోకి వస్తోందట. నేను వెంటనే ఇంజన్లు ఆపాలి అని పార్కింగ్‌లో రాద్దామా అన్నా, పాత జబ్బు. కిచెన్ అమ్మ నవ్వి, డ్రైవర్లకి పడుకునే చోటు ఎక్కడ ఇచ్చారు బాబూ అంది. నిజమే, ఆరు రూములు కట్టినప్పుడు వాళ్ళ గురించి ఆలోచించనే లేదు. ఇప్పుడు స్టోర్ రూమ్ సగం ఖాళీ చేసి నాలుగు మంచాలు, రగ్గులు, ఫోన్ చార్జింగ్‌కి ప్లగ్గులు పెడుతున్నాం, రాత్రి చెక్ ఇన్ అప్పుడు డ్రైవర్‌కి టీ ఇచ్చి ఆ గది చూపించే పని టీ తమ్ముడిది.